ఫైలుకు చుట్టరికాలుండవు

పొలిటికల్ సైన్సులోనో లాలోనో డిగ్రీ చేతికొచ్చిన అమ్మాయి "కంపెనీల తరఫునో సంఘాల తరఫునో ప్రభుత్వంతో వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరతాను" అంటే ఇంట్లో ముందు పడే మాట ఒకటే: "మనకెవరు తెలుసమ్మా అక్కడ?" పక్కనున్న మేనమామ ఇంకాస్త ముందుకెళతాడు. "అది చదువుకున్నవాళ్ళు చేసే పని కాదే, పైరవీ. ఎమ్మెల్యేల బామ్మర్దులకూ రిటైరైన ఐఏఎస్‌లకూ వదిలెయ్. బుద్ధిగా గ్రూప్స్ రాసుకో."

ఈ అభిప్రాయం ఇళ్ళతో ఆగిపోతే నవ్వి ఊరుకోవచ్చు. ఉద్యోగ ప్రకటనల్లోనూ ఇదే. "లైజన్ ఆఫీసర్ కావలెను. మున్సిపల్, ఫైర్, రెవెన్యూ ఆఫీసుల్లో మంచి పరిచయాలు తప్పనిసరి" అని నిర్మొహమాటంగా అచ్చేస్తారు. కెరీర్ సలహాదారులు అదే మాటకు కోటూ టై తొడిగి చెబుతారు: నెట్‌వర్క్ పెంచుకోండి, విజిటింగ్ కార్డులు పోగేయండి, పెద్దవాళ్ళ పక్కన నిలబడి ఫొటోలు దిగండి. మేనమామ ఛీ అంటాడు, సలహాదారు శభాష్ అంటాడు. ఇద్దరి నమ్మకమూ మాత్రం ఒక్కటే: ఈ వృత్తికి పరిచయమే పెట్టుబడి, పలుకుబడే పనిముట్టు.

ఈ నమ్మకం తప్పు. ప్రభుత్వం లోపల పని ఎలా జరుగుతుందో తెలియక పుట్టింది. కొత్తగా వచ్చేవాళ్ళను దారి తప్పిస్తోంది. చట్టం వైపు నుంచి చూస్తే జైలు గుమ్మం దాకా తీసుకెళ్ళగలదు కూడా. గవర్నమెంట్ రిలేషన్స్, పబ్లిక్ పాలసీ, గవర్నమెంట్ అఫైర్స్ అని కంపెనీలు ఏ పేరు పెట్టుకున్నా, ఈ పనికి అసలు పెట్టుబడి చదవడమూ రాయడమూ. రూలు చదివి అర్థం చేసుకోవాలి. అధికారి వాడుకోగలిగిన కాగితం రాయాలి. ఈ రెండూ వచ్చినవాళ్ళకు చుట్టరికం అక్కర్లేదు. రానివాళ్ళను ఏ చుట్టరికమూ ఎక్కువకాలం కాపాడదు.

ముందు ఒక ఫైలు ఎలా నడుస్తుందో చూద్దాం. ఒక సంఘం సెక్రటేరియట్‌లో వినతిపత్రం ఇచ్చింది. తపాల్లో దానికి నంబరు పడుతుంది, సంబంధిత సెక్షన్‌కు వెళుతుంది. అక్కడి అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరుతో ఎవరూ ఫొటో దిగరు. కానీ ఆ కాగితాన్ని పూర్తిగా చదివే మొదటి మనిషి ఆయనే. చదివి నోట్ రాస్తారు: అడుగుతున్నదేమిటి, ఇప్పుడున్న రూలు ఏమంటోంది, ఇదివరకు ఇలాంటిది వస్తే ఏం చేశాం, ఇప్పుడేం చేయవచ్చు. సెక్షన్ ఆఫీసరు తన మాట చేరుస్తారు. అక్కణ్ణించి మెట్టు మెట్టుగా సెక్రటరీ దాకా ఎక్కుతుంది. డబ్బుతో ముడిపడితే ఆర్థికశాఖ ఒప్పుకోవాలి. రూలు మారాలంటే న్యాయశాఖ ముసాయిదా చూడాలి. ఆ తర్వాతే మంత్రి. ఈ-ఆఫీసు వచ్చి కాగితం పోయి తెర వచ్చింది గానీ ఈ మెట్లేవీ పోలేదు.

ప్రతి మెట్టు మీదా ఫైలు చూసే మనిషిని పీడించే ప్రశ్న ఒకటుంటుంది. రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే, ఆర్టీఐ కింద ఈ నోట్ బయటికొస్తే, హైకోర్టులో కౌంటర్ వేయాల్సొస్తే నేనేం చెప్పుకోవాలి? మంత్రులు వస్తారు, పోతారు. సంతకం మాత్రం ఫైల్లో ఉండిపోతుంది, పెన్షన్ దాకా వెంటాడుతుంది. అందుకే ఫోన్ సిఫార్సుకు మనం అనుకునేంత బలం లేదు. "ఫలానావారు ఫోన్ చేశారు కనుక" అని నోట్‌లో ఎవరూ రాయలేరు. నోటిమాట నీటిమూట. సిఫార్సు ఫైలును ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తొందరగా జరపగలదు. ఆ బల్ల మీద రాయాల్సిన కారణాన్ని మాత్రం సమకూర్చలేదు. కారణం రాసిచ్చినవాళ్ళ పని నిలబడుతుంది.

ఆ కారణం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్ళకు ఒక ఇబ్బంది ఉందనుకుందాం. లైసెన్సు రెన్యువల్ తనిఖీ సరిగ్గా గదులన్నీ టిక్కీలతో నిండిపోయిన రోజుల్లో వస్తోంది. సరుకు దించి చూపించడం కుదరదు, చూపించకపోతే లైసెన్సు రాదు. పరిచయాల బడిలో చదివినవాడు రాసే వినతిపత్రం మూడు పేజీలు. మొదటి పేజీ నిండా మంత్రిగారి దార్శనికతకు జోహార్లు. రెండో పేజీ సంఘం ఘనచరిత్ర. మూడో పేజీ అడుగున "కావున తమరు దయతలచి, సానుభూతితో పరిశీలించి, తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన." ఏ చర్య? ఏ రూలు కింద? సెక్షన్‌లో కూర్చున్న మనిషికి నోట్‌లో రాసుకోవడానికి ఇందులో ఒక్క వాక్యం లేదు. శాలువా కప్పి, బొకే ఇచ్చి, కెమెరా వైపు తిరిగి అందించిన ఆ కాగితం ఫైల్లో పడి నిద్రపోతుంది.

పని తెలిసినవాళ్ళు రాసేది ఒక్క పేజీ. ఏ జీవో, ఏ రూలు, ఏ సబ్‌రూలు. అందులో ఇప్పుడున్న మాటలు ఉన్నవున్నట్టు. దానివల్ల ఏ నెలలో, ఎన్ని గోదాముల్లో, ఏం ఆగిపోతోంది. ఏ మాట తీసి ఏ మాట పెడితే చాలు, సవరణ వాక్యంతో సహా. ఫీజు తగ్గించమనడం లేదు కనుక ఖజానాకు నష్టం లేదని ఒక వాక్యం. తనిఖీ ఎత్తేయమనడం లేదు, సరుకు ఖాళీ అయ్యే నెలకు జరపమంటున్నామని ఇంకో వాక్యం. ఇది చేతికొచ్చిన సెక్షన్ ఆఫీసరుకు సగం నోట్ తయారైనట్టే. ఇది రాసిన మనిషికి మంత్రిగారి పీఏ పేరు కూడా తెలిసి ఉండనక్కర్లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎలా అడగాలో తెలియనివాడికి ప్రభుత్వమూ పెట్టదు.

ఈ ఉద్యోగంలో బయటికి కనబడని మరో సగం ఉంది: ప్రభుత్వం మాటను సొంత సంస్థకు వివరించడం. "ఈ మినహాయింపు మనకు రాదు సార్. మనకిస్తే రాష్ట్రంలో ఉన్న ప్రతి మిల్లుకూ ఇవ్వాలి, ఆర్థికశాఖ ఒప్పుకోదు" అని ఎండీ మొహం మీదే చెప్పగలగాలి. ఏడాదికి ఇలాంటి నాలుగు మాటలు చెప్పి కంపెనీని నాలుగు తప్పుడు ప్రయత్నాల నుంచి ఆపినవాళ్ళే మంచి ఉద్యోగులు. పైరవీకారు నోటి నుంచి ఈ మాట ఎన్నటికీ రాదు. "అయిపోతుంది సార్, నే చూసుకుంటా" అన్నదే అతని సరుకు.

"ఇదంతా పుస్తకాల కబుర్లు, లోపల మనిషుంటేనే పని" అని వాదించేవాళ్ళను ఒక్కటి అడగాలి. ఆ లోపలి మనిషి ఎంతకాలం లోపలుంటాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వచ్చిన ప్రభుత్వం 2019లో పోయింది. 2019లో వచ్చింది 2024లో పోయింది. తెలంగాణలో తొమ్మిదిన్నరేళ్ళు ఒకే పార్టీ ఏలాక 2023 డిసెంబరులో అక్కడా మారింది. ప్రభుత్వం మారితే పేషీలు మారతాయి, బదిలీల జాబితాలు బారులు తీరి వస్తాయి. ఒక పేషీనే నమ్ముకున్న లైజన్ మనిషి పెళ్ళిళ్ళ పేరయ్యలాంటివాడు. తనకు తెలిసిన రెండు కుటుంబాల్లో ఒకటి ఊరొదిలి వెళ్ళిపోతే అతని సంచిలో ఇంక జాతకాలే ఉండవు. అంతకన్నా ఘోరం, నిన్నటి పరిచయమే ఇవాళ్టి మచ్చ అవుతుంది. "వీళ్ళు పాత ప్రభుత్వం తాలూకు" అన్న ముద్ర పడిన కంపెనీ మామూలు అనుమతికి కూడా చెప్పులరిగేలా తిరగాలి.

అదే కాలంలో రూళ్ళు ఎక్కడికీ పోలేదు. ఏ విషయం ఏ శాఖ పరిధిలోదో చెప్పే కేంద్ర అలొకేషన్ ఆఫ్ బిజినెస్ రూల్స్ 1961 నాటివి. సవరణలతో ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. 2014 జూన్‌లో రాష్ట్రం రెండైనప్పుడు ఉమ్మడి రాష్ట్రపు చట్టాలు తెలంగాణకూ వర్తించాయి. తర్వాత వాటిని కావలసిన మార్పులతో సొంతం చేసుకున్నారు. ఆ చట్టాలు తెలిసినవాళ్ళకు ఆ జూన్‌లో కొత్తగా ఇంకో ప్రభుత్వం దగ్గర కూడా గిరాకీ పుట్టింది. మనుషులు మాత్రమే తెలిసినవాళ్ళకు ఉన్న గిరాకీ పోయింది.

మరో సంగతి. ఒకప్పుడు లైజనింగ్ అంటే ఎన్‌వోసీల చుట్టూ తిరగడం. ఆ పని కరిగిపోతోంది. పరిశ్రమల అనుమతుల కోసం తెలంగాణ 2014లోనే చట్టం చేసి తెచ్చిన ఐపాస్ విధానంలో భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గడువు పెట్టింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ డెస్క్ ఉంది. 2016 వ్యాపార సౌలభ్య ర్యాంకుల్లో రెండు రాష్ట్రాలూ కలిసి మొదటి స్థానంలో నిలిచాయి. ఆచరణలో ఇంకా సందులూ గొందులూ ఉన్నాయి, కాదనను. కానీ అనుమతి కోసం కౌంటర్ దగ్గర నిలబడే ఉద్యోగానికి ఇక ముందు కాలం లేదు. ఆ అనుమతి షరతులను ఎవరు ఎలా రాస్తున్నారో గమనించి, రాస్తున్నప్పుడే తన మాట చెప్పే ఉద్యోగానికి కాలం ఉంది.

ఇక రెండో వాదం: "ఎన్ని చదివినా చివరికి డబ్బున్నవాడి మాటే చెల్లుతుంది." చాలాసార్లు చెల్లింది. చెల్లని ఒక సందర్భం చూస్తే డబ్బు ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది. 2015 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపు పత్రం విడుదల చేసింది. ఇంటర్నెట్‌లో ఒక్కో సేవకు ఒక్కో డేటా ధర పెట్టనివ్వాలా వద్దా అన్నది విషయం. అందులో నాలుగు ప్రశ్నలు అడిగింది. ఫేస్‌బుక్ తెచ్చిన ఫ్రీ బేసిక్స్ పథకం బతుకు ఆ జవాబుల మీద ఆధారపడి ఉంది. ఫేస్‌బుక్ పత్రికల్లో పూర్తి పేజీల ప్రకటనలు ఇచ్చింది. తన ఖాతాదారుల ముందు ఒక్క నొక్కుతో ట్రాయ్‌కు వెళ్ళే తయారు ఉత్తరం పెట్టింది. లక్షల ఉత్తరాలు వెళ్ళాయి. వాటిలో ఉన్నది ఫ్రీ బేసిక్స్ మంచిదన్న మాట. అడిగిన ప్రశ్నలకు జవాబు లేదు. ఆ మాటే ట్రాయ్ ఫేస్‌బుక్‌కు రాతపూర్వకంగా చెప్పింది, సంప్రదింపును ఒపీనియన్ పోల్‌గా మార్చడం తగదని మందలించింది.

అవతల నిలబడినవాళ్ళు ఎవరు? స్వచ్ఛందంగా కలిసిన కుర్ర లాయర్లు, ప్రోగ్రామర్లు, పాత్రికేయులు. వాళ్ళూ తయారు ఉత్తరాలు పంపించారు. తేడా ఏమిటంటే వాళ్ళ ఉత్తరం ప్రశ్నల వారీగా జవాబు చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. ప్రపంచంలోని అతిపెద్ద కంపెనీల్లో ఒకటి, దేశంలో ఎవరి తలుపైనా తట్టగలిగిన కంపెనీ, నాలుగు ప్రశ్నలున్న పరీక్షలో జవాబులు రాయకుండా పేపరిచ్చి వచ్చేసింది.

మూడో వాదమే అన్నిటికన్నా గట్టిది: "ఈ సంప్రదింపులు ఉత్త నాటకం. నిర్ణయం ముందే అయిపోతుంది." దీనికి ఆధారాలు నేనే ఇస్తాను. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించుకుంది. అది విధానమే, చట్టం కాదు. పాటించని సందర్భాలు కొల్లలు. పదిహేనో లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు పార్లమెంటరీ కమిటీల పరిశీలనకు వెళితే, పదిహేడో లోక్‌సభకు వచ్చేసరికి అది 16 శాతానికి పడిపోయింది. వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు 2022 ముసాయిదా మీద వచ్చిన అభిప్రాయాలను ప్రభుత్వం బయటపెట్టలేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడమే ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాకే పాత వెబ్‌సైటు మళ్ళీ తెరుచుకుంది.

ఇవన్నీ నిజాలే. వీటి నుంచి "కాబట్టి పరిచయాలే దిక్కు" అన్న ముగింపుకు ఎలా దూకుతారన్నదే నా ప్రశ్న. తలుపు మూసినప్పుడే కదా కిటికీలోంచి చెయ్యి తడిపేవాడికి గిరాకీ పెరిగేది? జీవో కనబడకపోతే జీవో కాపీ తెచ్చిపెట్టేవాడు గొప్పవాడవుతాడు. తలుపు తెరిపించాలంటే, అది ఎక్కడుందో, దాన్ని తెరవాలని ఏ సెక్షన్ చెబుతోందో తెలిసినవాళ్ళు ఎక్కువమంది కావాలి. తెరిచిన తలుపుల్లోంచి పనులు జరుగుతూనే ఉన్నాయి కూడా.

డ్రోన్ల సంగతి చూడండి. 2021 మార్చిలో కేంద్రం డ్రోన్లపై నిబంధనలు నోటిఫై చేసింది. వీటితో ఒక్క డ్రోనూ లేవదని స్టార్టప్‌లు, విద్యాసంస్థలు, వాడకందార్లు మొత్తుకున్నారు. జులైలో కొత్త ముసాయిదా అభిప్రాయాల కోసం వచ్చింది. ఆగస్టు 25న ఆ స్థానంలో కొత్త డ్రోన్ రూల్స్ వచ్చాయి. నింపాల్సిన ఫారాలు 25 నుంచి 5కు, ఫీజుల రకాలు 72 నుంచి 4కు తగ్గాయని ప్రభుత్వమే చెప్పుకుంది. నోటిఫై అయిన నిబంధనలు అయిదున్నర నెలల్లో తిరగబడ్డాయి. సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది.

బట్టల మీద జీఎస్టీ ఇంకో ఉదాహరణ. 2022 జనవరి 1 నుంచి 5 శాతాన్ని 12 చేయాలని మండలి నిర్ణయించింది. నేతన్నలు, వ్యాపారులు, తెలంగాణతో సహా పలు రాష్ట్రాలు కాదన్నాయి. అమలుకు ఒక్కరోజు ముందు, డిసెంబరు 31న, మండలి దాన్ని వాయిదా వేసింది. ఇందులో కొత్తవాళ్ళు నేర్చుకోవాల్సిన సూక్ష్మం ఒకటుంది. జీఎస్టీ మండలిలో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు. నిర్ణయానికి నాలుగింట మూడొంతులు కావాలి. రాజ్యాంగం 279ఎ అధికరణం చెప్పే ఈ లెక్క తెలిసినవాడు ఢిల్లీలో మనకెవరున్నారని వెతకడు. తన రాష్ట్ర ఆర్థికమంత్రి ముందు సిరిసిల్ల మగ్గాల అంకెలు పెడతాడు.

అన్నిటికన్నా దగ్గరి పాఠశాల మన విద్యుత్ నియంత్రణ కమిషన్. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలు చార్జీల ప్రతిపాదనలను ప్రకటించాలి. ప్రజల సూచనలూ అభ్యంతరాలూ పరిశీలించాకే కమిషన్ 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. డిస్కం దానికి జవాబు రాయాలి. తర్వాత బహిరంగ విచారణ. ఉత్తర్వు తెరిచి చూస్తే అభ్యంతరం, దాని కింద డిస్కం జవాబు, ఆ కింద కమిషన్ అభిప్రాయం వరసగా కనబడతాయి. ఒక సామాన్యుడి వాదన చట్టబద్ధమైన రికార్డులోకి ఇంత నేరుగా ఎక్కే చోటు మరొకటి అరుదు.

ఆ విచారణ హాలులో ఒక పూట కూర్చుంటే ఈ వృత్తి మొత్తం కళ్ళకు కడుతుంది. ఫెర్రో అల్లాయ్స్ కంపెనీల ప్రతినిధి, స్పిన్నింగ్ మిల్లుల తరఫు మనిషి, రైతు సంఘం నాయకుడు, అపార్ట్‌మెంట్ల సంఘం కార్యదర్శి ఒకే వరసలో తమ వంతు కోసం కూర్చుంటారు. ఊగిపోతూ ప్రసంగం చేసినవారి మాట హాలు దాటదు. "మీ ప్రతిపాదనలో ఫలానా పేజీలో కొనుగోలు ఖర్చు ఇంత అన్నారు, నిరుడు మీరే ఇంత అన్నారు, ఈ తేడాకు లెక్క ఏది?" అని అడిగితే మాత్రం డిస్కం అధికారులు కాగితాలు తిరగేస్తారు. సీనియర్ పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు, పరిశోధకుడు ఎం. తిమ్మారెడ్డి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఈ విచారణల్లో నిలబడి వాదించింది ఏ మంత్రి అండ చూసుకుని? వేల పేజీల ప్రతిపాదనలు ఓపిగ్గా చదవడమే వాళ్ళ బలం. అదే విద్య కంపెనీ తరఫున చేస్తే జీతం వస్తుంది. జనం తరఫున చేస్తే గౌరవం వస్తుంది. విద్య మాత్రం ఒక్కటే.

"రిటైరైన ఐఏఎస్‌లను కంపెనీలు సలహాదారులుగా పెట్టుకోవడం లేదా?" అంటారు. పెట్టుకుంటున్నాయి. రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధన ఉంది. ఆ ఏడాది దాటాక చేరుతున్నారు. వాళ్ళలో విలువైనది ఫైలు లోపలి నడక తెలియడం. అది నేర్చుకోగలిగిన విద్యే. వాళ్ళ ఫోన్లో ఉన్న నంబర్లకు మాత్రం కాలదోషం ఉంది, ఎందుకంటే అధికారితో పాటే అధికారి బ్యాచ్ కూడా రిటైరవుతుంది. ఆ సలహాదారు మీటింగులో మాట్లాడే రెండు నిమిషాల కోసం అర్ధరాత్రి దాకా గెజిట్ చదివి నోట్ తయారుచేసేది పాతికేళ్ళ పిల్లలే. పదేళ్ళకు ఆ పిల్లలే ఆ శాఖ నడుపుతారు.

ఇక నీతి సంగతి. ఈ పని సహజంగానే మురికి అనేవాళ్ళకు 2010లో బయటపడ్డ రాడియా టేపులు గుర్తుంటాయి. గుర్తుండాలి కూడా. కార్పొరేట్ లాబీయిస్టు ఒకరు మంత్రి పదవుల గురించి పేరున్న పాత్రికేయులతో మంతనాలాడటం దేశమంతా విన్నది. ఆ మురికిని నేను కడగబోవడం లేదు. ఆ మురికికీ ఈ వృత్తికీ మధ్య గీత చట్టం ఎప్పుడో గీసిందని మాత్రం చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది: ప్రభుత్వోద్యోగం ఇప్పిస్తానని ఒకడు, అందుకు వెయ్యి రూపాయలిస్తానని ఇంకొకడు ఒప్పందం చేసుకుంటే అది చెల్లదు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టంలో 7ఎ సెక్షన్ ఇంకా తిన్నగా చెబుతుంది. వ్యక్తిగత పలుకుబడితో అధికారి చేత అక్రమంగా పని చేయించడానికో, చేయాల్సింది ఆపించడానికో ప్రతిఫలం పుచ్చుకుంటే నేరం, మూడు నుంచి ఏడేళ్ళ జైలు. లంచమిచ్చినవాడిని 8వ సెక్షన్, ఇప్పించిన కంపెనీని 9వ సెక్షన్ పట్టుకుంటాయి. అంటే "నీకు పలుకుబడి ఉందా? దాంతో పని అవగొట్టు, వాటా తీసుకో" అని కుర్రవాళ్ళకు ఇచ్చే సలహా వృత్తి సలహా కాదు. నేరానికి ముందస్తు శిక్షణ.

చట్టంలో లోటు ఉన్నది ఇంకోచోట. 2012 చివర్లో వాల్‌మార్ట్ లాబీయింగ్ ఖర్చులో భారత్‌లో పెట్టుబడుల అంశమూ ఉందన్న వార్తతో మన పార్లమెంటు దద్దరిల్లింది. ప్రభుత్వం జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ వేసింది. ఆ సమాచారం వచ్చింది ఎక్కడినుంచి? అమెరికాలో 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం కింద ఆ కంపెనీయే దాఖలు చేసిన పత్రాల నుంచి. మన దేశంలో అలా దాఖలు చేయమనే చట్టమే లేదు. 2013లో లోక్‌సభలో కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ ప్రైవేటు బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. ఎవరు ఎవరిని ఏ విషయం మీద కలిశారో రిజిస్టరులో రాయాలన్న చట్టం కోసం గట్టిగా అడగాల్సింది ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళే. వెలుగులో నష్టపోయేది పైరవీకారే గానీ చదివి రాసేవాళ్ళు కాదు.

ఇది డబ్బున్నవాళ్ళ విద్య మాత్రమే అనేవాళ్ళకు సమాచార హక్కు చట్టమే జవాబు. రాజస్థాన్ పల్లెల్లో కూలి మస్టర్లు చూపించమని ధర్నాలు చేసిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నినాదాలతో ఆగలేదు. ఆ ఉద్యమం వెనుక నిలబడినవాళ్ళు 1996లో ప్రెస్ కౌన్సిల్‌తో కలిసి చట్టం ముసాయిదా రాయించారు. తొమ్మిదేళ్ళపాటు వెంటపడి 2005లో పార్లమెంటు చేత చట్టం చేయించారు. ప్రభుత్వంతో వ్యవహరించడంలో అంతకన్నా గొప్ప విజయం ఏ కార్పొరేట్ శాఖకైనా ఉందా?

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? డిగ్రీ ఉండి పాతికేళ్ళు దాటనివాళ్ళకు పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర ప్రశ్నలు తయారుచేయడం, బిల్లులు చదివి నోట్ ఇవ్వడం, కమిటీ పనికి సమాచారం వెతకడం. హైదరాబాద్‌లో 1917 నుంచి ఉన్న వాణిజ్య మండళ్ళ సమాఖ్య మొదలుకొని మందుల తయారీదారులు, కోళ్ళ రైతులు, రైస్ మిల్లర్ల సంఘాల దాకా ప్రతిదానికీ వినతిపత్రాలు రాసే మనిషి కావాలి. చాలా సంఘాలకు సరైన మనిషి లేడు. పబ్లిక్ పాలసీలో పీజీ చేస్తే మంచిదే. చేయకపోయినా అడ్డేమీ లేదు.

ఏదో ఒక్క రంగం ఎంచుకుని ఏడాదిపాటు దాని నోటిఫికేషన్లు వదలకుండా చదవండి. ముసాయిదా దశ నుంచి తుది నోటిఫికేషన్ దాకా ఒక రూలులో ఏ మాట ఎక్కడ మారిందో పట్టిక వేయండి. గడువులోపల ఒక ముసాయిదాకు సొంత పేరుతో అభిప్రాయం పంపండి. ఒక టారిఫ్ విచారణకు వెళ్ళి కూర్చోండి. ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు ఈ కాగితాలు పట్టుకెళ్ళండి. వాటిని పక్కకు నెట్టి "సెక్రటేరియట్‌లో నీకెవరు తెలుసు?" అని అడిగిన చోట చేరకండి. వాళ్ళకు కావలసింది ఉద్యోగి కాదు, రేపు కేసైతే ముందు పెట్టడానికి ఒక మనిషి.

చేరేముందు మీరూ అడగండి. వినతిపత్రం మీద ఎవరు సంతకం పెడతారు? అధికారులతో మీటింగు అయ్యాక ఏం మాట్లాడారో రాసిపెడతారా? పని అయితేనే ఇచ్చే వాటా జీతంలో ఉందా? వోచరు లేని ఖర్చు ఏ పద్దులో రాస్తారు? చివరి రెండిటికీ జవాబు నసిగితే లేచి వచ్చేయండి. చదువుకున్న పిల్లలు ఇలా లేచి వచ్చేసిన ప్రతిసారీ ఆ కంపెనీకి పైరవీ ఖరీదు కొంచెం పెరుగుతుంది.

పరువుగలవాళ్ళు ఈ వృత్తికి దూరంగా ఉండాలన్న సలహా పైకి నీతిలా వినిపిస్తుంది. దాని ఫలితం మాత్రం పూర్తిగా పైరవీకారుకే లాభం. అతనికి పోటీ లేకుండా చేసేది అదే. రూళ్ళు ఎలాగూ రాస్తారు. రాసేటప్పుడు ఎవరో ఒకరి మాట ఎలాగూ వింటారు. మిర్చి రైతుకూ మగ్గం నేతగాడికీ మందుల కంపెనీకీ వర్తించే ఆ రూలు మీద చదివి, లెక్కకట్టి, పేరు రాసి సంతకం పెట్టినవాళ్ళ మాట వినాలా, వోచరు లేకుండా ఖర్చుపెట్టినవాళ్ళ మాట వినాలా అన్నదే అసలు తగువు. ఆ తగువులో మొదటి పక్షం గెలవాలంటే ముందు ఆ పక్షాన మనుషులుండాలి. ఇవాళ ఏదో ఒక శాఖ వెబ్‌సైటులో ఒక ముసాయిదా అభిప్రాయాల కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. దాని గడువు ఎప్పుడో చూసి, ఆ లోపు ఒక్క పేజీ రాసి పంపండి. ఉద్యోగం తర్వాత వస్తుంది, పని మాత్రం ఆ పేజీతోనే మొదలవుతుంది.